స్కూలు వయసు దాటుతున్న ఆటిజం పిల్లలు: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లాడికి ఆటిజం అని తెలిసిన కొత్తలో సలహాలు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. అదే పిల్లాడికి పదిహేడేళ్లు వచ్చి, గడ్డం మొలిచి, స్కూలు ఇక కొద్ది నెలలే ఉందనేసరికి అందరూ మాయమవుతారు. 14 నుంచి 25 ఏళ్ల మధ్య పిల్లలున్న ఇళ్లలో మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలివి. మీకు అవసరమైన చోట మొదలుపెట్టి చదవండి, వరసగా చదవక్కర్లేదు.

తయారీ ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

పద్నాలుగో ఏట. కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, ఆఖరి సంవత్సరం దాకా ఆగితే మాత్రం హడావుడే మిగులుతుంది. ఇంగ్లండ్‌లో చదువుకు, సంరక్షణకు ప్రత్యేక ప్రణాళిక రాసిన పిల్లలకు 13-14 ఏళ్లకే పెద్దయ్యాక ఎలా అనే చర్చ మొదలవ్వాలి. అమెరికా చట్టం ప్రకారం 16 ఏళ్లు వచ్చేసరికి స్కూలు తర్వాత ఏంటనే ప్రణాళిక కాగితం మీద ఉండాలి.

అంత ముందు ఎందుకంటే, ఆటిజం ఉన్న చాలామందికి ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతటదే రాదు. స్కూల్లో గిన్నెలు చక్కగా కడిగే అబ్బాయి ఇంట్లో సింక్ ముందు అయోమయంగా నిలబడతాడు. కుళాయి వేరు, స్పాంజి వేరు, గిన్నెలు పెట్టే చోటు వేరు. ప్రతి పనినీ రెండు మూడు చోట్ల నేర్పాలంటే ఏళ్లు పడుతుంది.

మొదలుపెట్టడానికి ఏ కోర్సూ అక్కర్లేదు. ఒక మామూలు రోజు పొద్దున్నుంచి రాత్రి దాకా తన కోసం మీరు చేసిపెట్టే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. పేస్టు బ్రష్ మీద వేయడం, చెప్పుల కుడి ఎడమలు సరిచేసి పెట్టడం, బ్యాగు జిప్పు లాగడం. మీ చేతులు ఎంత అలవాటుగా ఇవన్నీ చేసేస్తున్నాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. అందులోంచి రెండు ఎంచుకుంటే ఈ సంవత్సరానికి చాలు.

స్కూలున్నన్నాళ్లూ బాగానే ఉన్నాడు. మానేసిన కొన్ని నెలలకే అరుపులు, నిద్ర లేకపోవడం, తలుపులు బాదడం. ఏమైంది?

ఈ ప్రశ్న అన్నింటికంటే ఎక్కువగా వస్తుంది. జవాబు చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది. స్కూలు ఆపేయగానే అతని రోజుకున్న ఆకారం పోయింది. ఇన్ని గంటలకు బస్సు, ఈ గంట తర్వాత ఆట, ఫలానా టీచరు, ఫలానా కుర్చీ. పదేళ్లకు పైగా నడిచిన ఆ వరస ఒక్కరోజుతో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతనికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పి ఉండరు. మనకైతే సెలవు, అతనికైతే ఎప్పటికి ముగుస్తుందో తెలియని ఖాళీ.

కాబట్టి రోజును మళ్లీ నిలబెట్టాలి. నార్త్ కరోలినాలో 1972లో ఎరిక్ షాప్లర్ అనే మనస్తత్వవేత్త ఆటిజం ఉన్నవాళ్ల కోసం మొదలుపెట్టిన టీచ్ (TEACCH) కార్యక్రమం ఇలాంటి చోట నాలుగు ప్రశ్నలు వాడుతుంది: ఏం పని చేయాలి, ఎంత చేయాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, దాని తర్వాత ఏంటి. రోజులో ప్రతి భాగానికీ ఈ నాలుగింటి జవాబూ అతని కంటికి కనపడాలి. బొమ్మలతోనా, అక్షరాలతోనా, ఫోన్లోనా అన్నది అతన్ని బట్టి. ఇరవయ్యేళ్ల వాడి గోడ మీద చిన్నపిల్లల కార్టూన్లు అంటించకండి. ఫోటోలు వాడండి.

రోజంతా ఒకేసారి నింపేద్దామని చూడొద్దు. పొద్దున ఒక స్థిరమైన పని, మధ్యాహ్నం బయటికి వెళ్లే ఒక కారణం, సాయంత్రం అతనికి నచ్చింది ఒకటి. ఈ మూడు మేకులు గట్టిగా దిగితే మిగతాది వాటికి వేలాడుతుంది.

అయితే ఒక్క మాట. ప్రవర్తన మారినప్పుడల్లా రొటీన్ మీదికే తోసేయకూడదు. ముందు శరీరం చూడాలి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, కడుపులో మంట, ఇవేవీ చెప్పలేని మనిషి తల బాదుకుంటాడు. ఆటిజంలో ఫిట్స్ మొదలవడం చిన్నతనంలో ఒకసారి ఎక్కువగా కనపడితే, టీనేజీలో ఇంకోసారి ఎక్కువవుతుంది. కాసేపు శూన్యంలోకి చూస్తూ పిలిస్తే పలకకపోవడం కూడా ఫిట్స్ కావచ్చు. డిప్రెషన్, ఆందోళన కూడా ఈ వయసులోనే బయటపడతాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. బాగా చేసుకునే పనులు ఉన్నట్టుండి నెమ్మదించడం, గుమ్మం దగ్గర అడుగు పడక ఆగిపోవడం, ముద్ద నోటి దాకా తెచ్చి అలాగే బిగుసుకుపోవడం. దీన్ని కెటటోనియా అంటారు. ఎక్కువగా టీనేజీ చివర్లో మొదలవుతుంది. బద్ధకమనీ మొండితనమనీ అనుకుని నెలలు పోగొట్టుకుంటారు. దీనికి చికిత్స ఉంది. సైకియాట్రిస్టును తొందరగా కలవాలి, వీలైతే ఇంట్లో తీసిన వీడియోతో.

ముందు ఏం నేర్పాలి? చదువు కొనసాగించాలా, ఇంటి పనులా?

రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. కానీ పదహారేళ్ల అబ్బాయికి ఇంకా రంగుల పేర్లు, ఆకారాల పేర్లే నేర్పుతుంటే ఆపమని చెప్పండి. స్నానం, బట్టలు, నెలసరి, గడ్డం, డబ్బు ఇచ్చి చిల్లర తీసుకోవడం, రోడ్డు దాటడం, సాయం అడగడం, వద్దని చెప్పడం. ఇవి వచ్చినవాళ్లకు దారులు ఎక్కువ తెరుచుకుంటాయి.

ఏం నేర్పుతున్నామన్నదాని కంటే ఎలా నేర్పుతున్నామన్న దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఒక పదిహేడేళ్ల అమ్మాయి చేతులు కడుక్కుంటోంది అనుకోండి. కుళాయి తిప్పుతుంది, ఆగి అమ్మ మొహం చూస్తుంది. "ఊ, సబ్బు," అంటుంది అమ్మ. సబ్బు తీసుకుంటుంది, మళ్లీ చూస్తుంది. "ఊ, రుద్దు." రుద్దుతుంది, చూస్తుంది. ఆ అమ్మాయికి చేతులు కడుక్కోవడం పూర్తిగా వచ్చు. కాకపోతే అమ్మ "ఊ" అనడం కూడా ఆ పనిలో ఒక భాగమనే నేర్చుకుంది. అమ్మ పక్క గదిలో ఉంటే కుళాయి అలా పారుతూనే ఉంటుంది.

నోటితో చెప్పే సాయం ఇవ్వడం తేలిక, మానడం కష్టం. అందుకని ఎదురుగా కాకుండా వెనక నిలబడండి. మాట బదులు మోచేతిని తేలిగ్గా తాకండి. రోజులు గడిచేకొద్దీ ఆ తాకడం కూడా తగ్గిస్తూ పోండి. సింక్ పైన ఫోటోల వరస ఒకటి అంటిస్తే ఆమె చూపు మీ మొహం మీంచి అక్కడికి మారుతుంది. పెద్ద పనులైతే చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పండి. పడక సర్దడంలో అన్నీ మీరు చేసి, దిండు పెట్టడం ఒక్కటే తనకు వదిలేయండి. తర్వాత దుప్పటి, దిండు. పని ముగించిన తృప్తి మొదటి రోజు నుంచే తనకు దక్కుతుంది.

మాటలు రాలేదు. ఈ వయసులో ఇక కమ్యూనికేషన్ మీద సమయం పెట్టడం దండగేనా?

కానే కాదు. బొమ్మల కార్డులకు గానీ, ట్యాబ్‌లో మాట్లాడించే యాప్‌లకు గానీ వయసు పరిమితి లేదు. అవి వాడితే ఉన్న మాటలు పోతాయన్న భయానికి కూడా ఆధారం లేదు.

స్కూలు వదిలేటప్పుడు ఒక విషయం తప్పకుండా చూసుకోండి. ఆ ట్యాబ్ ఎవరిది? స్కూలుదైతే చివరి రోజున తిరిగి ఇచ్చేస్తారు, దాంతోపాటు అతని మాటలన్నీ పోతాయి. ఆరు నెలల ముందే సొంతది ఏర్పాటు చేసి, పాతదాంట్లోని పదాలన్నీ కొత్తదాంట్లోకి మార్పించండి. అందులో పదాలు కూడా పెద్దవాళ్లవి ఉండాలి: ఆపు, నొప్పి, నన్ను వదిలేయ్, అలసిపోయాను, ఆయన నాకు నచ్చలేదు. రంగులూ జంతువులూ నిండి "ఆపు" లేని ట్యాబ్‌లు ఎన్నో ఉన్నాయి.

చెయ్యి పట్టుకుని టైపు చేయించే పద్ధతులకు మాత్రం దూరంగా ఉండండి. 1990లలో జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో, అలా వచ్చిన మాటలు పిల్లలవి కావనీ, చెయ్యి పట్టుకున్నవాళ్లకు తెలియకుండానే వాళ్ల నుంచే వస్తున్నాయనీ తేలింది. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం 2018లో కూడా దీన్ని వాడొద్దని ప్రకటించింది.

మార్కులు బాగా వస్తాయి. కాలేజీలో ఏం ఇబ్బంది ఉంటుంది?

పాఠం అర్థం కాకపోవడం అరుదు. ఇబ్బంది పాఠానికి బయట ఉంటుంది. తరగతి గది మారిందని ఈమెయిల్ వస్తే చూడకపోవడం, గ్రూప్ ప్రాజెక్టులో ఎవరు ఏం చేయాలో తేలకపోవడం, క్యాంటీన్ గోల, రెండు క్లాసుల మధ్య ఖాళీ గంటలో ఎక్కడ కూర్చోవాలో తెలియకపోవడం. ఇంట్లో అమ్మ గుర్తుచేసే పనులు హాస్టల్లో ఎవరూ గుర్తుచేయరు.

చేరకముందే క్యాంపస్‌కు రెండు మూడుసార్లు తీసుకెళ్లండి. నిశ్శబ్దంగా ఉండే చోటు ఒకటి ముందే వెతికి పెట్టుకోవాలి. పరీక్షల్లో అదనపు సమయం, వేరే గది లాంటివి అడగాలంటే ఆటిజం సంగతి కాలేజీకి చెప్పక తప్పదు. అడిగేది మీరు కాకుండా తనే అయితే మంచిది. "నాకు నోటితో చెప్పిన సూచనలు గుర్తుండవు, రాసి ఇవ్వండి" అని ఒక వాక్యం ఇంట్లో ప్రాక్టీసు చేయించండి. మొదటి సెమిస్టర్లో సబ్జెక్టులు తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

పైకి అందరిలా కనపడాలని రోజంతా తనను తాను బిగపట్టుకునే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, సాయంత్రానికి పూర్తిగా డీలాపడిపోతారు. కాలేజీ వాళ్లు "చాలా బాగుంది" అంటుంటే ఇంట్లో మాత్రం ఏడుపులు ఉంటాయి. కాలేజీ మాటతో పాటు ఇంట్లో మీరు చూస్తున్నదాన్నీ లెక్కలోకి తీసుకోండి.

ఉద్యోగం వస్తుందా? ముందు ఏదైనా ట్రైనింగ్ సెంటర్లో చేర్పించాలా?

ఏళ్ల తరబడి ట్రైనింగ్ ఇచ్చి, "రెడీ అయ్యాక" ఉద్యోగంలో పెడదామనే పద్ధతి ఆటిజంలో పెద్దగా పనిచేయదు. కారణం పైన గిన్నెల దగ్గర చెప్పిందే. సెంటర్లో నేర్చుకున్నది సెంటర్లోనే ఉండిపోతుంది. తిరగేసి చేయాలి: ముందు నిజమైన పని చోటు, అక్కడే శిక్షణ, పక్కనే ఉండి పని నేర్పే జాబ్ కోచ్, నిలదొక్కుకునేకొద్దీ కోచ్ వెనక్కి తగ్గడం.

ప్రాజెక్ట్ సెర్చ్ అనే కార్యక్రమం 1996లో సిన్సినాటిలోని ఒక పిల్లల ఆసుపత్రిలో ఇలాగే మొదలైంది. స్కూలు ఆఖరి సంవత్సరమంతా పిల్లలు ఆసుపత్రి లాంటి నిజమైన సంస్థలోనే విభాగాలు మారుతూ పని నేర్చుకుంటారు. దీన్ని ఆటిజం పిల్లలకు తగ్గట్టు మలిచి వర్జీనియాలో చేసిన చిన్న అధ్యయనం 2014లో వచ్చింది. ఆ శిక్షణ పొందిన 24 మందిలో 21 మందికి ఉద్యోగం దొరికింది. పోల్చి చూసిన 16 మందిలో ఒక్కరికే దొరికింది. సంఖ్య చిన్నదే, కానీ తేడా కొట్టిపారేసేది కాదు.

ఆటిజం అంటే కంప్యూటర్ మేధావి అన్న ప్రచారం కూడా ఒకటి నడుస్తోంది. డెన్మార్క్‌లో 2004లో ఒక ఆటిజం పిల్లాడి తండ్రి పెట్టిన స్పెషలిస్టర్నే కంపెనీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆటిజం ఉన్నవాళ్లను పెట్టుకుని పేరు తెచ్చుకుంది. మంచిదే. కానీ మీ అబ్బాయికి కోడింగ్ మీద ఆసక్తి లేకపోతే బలవంతంగా కూర్చోబెట్టకండి. మొక్కలు, లైబ్రరీ, లాండ్రీ, ప్యాకింగ్, డేటా ఎంట్రీ, జంతువుల సంరక్షణ, ఫోటోకాపీ. దేని దగ్గర చాలాసేపు తనంతట తాను నిలబడతాడో గమనించండి, అక్కడి నుంచి వెతకండి.

ఇంటర్వ్యూ అనేది వీళ్లను ఓడించడానికే పుట్టినట్టుంటుంది. దాని బదులు నాలుగు రోజులు పని చేయించి చూడమని యజమానిని అడగండి. పని చెప్పే తీరు కూడా యజమానికి మీరే నేర్పాలి. "ఇవి కాస్త సర్దిపెట్టు" అంటే అతను కదలడు. "ఈ పెట్టెలోని ఫైళ్లు మూడో అరలో, నంబరు వరసలో పెట్టు, పెట్టె ఖాళీ అయితే నాకు చెప్పు" అంటే చకచకా చేసేస్తాడు. ఉద్యోగాలు ఎక్కువగా పోయేది పని రాక కాదు. భోజన విరామంలో జరిగే గొడవల వల్ల, చెప్పకుండా మార్చిన షిఫ్టుల వల్ల. కోచ్ విరామం వేళ కూడా ఉండాలి.

జీతం వచ్చే పని చేయలేని పిల్లల సంగతి?

వాళ్లకూ రోజు ఉంటుంది, ఆ రోజుకు అర్థం కావాలి. ఎవరికీ అక్కర్లేని పూసలు గుచ్చి, సాయంత్రం విప్పి, మర్నాడు మళ్లీ గుచ్చించడం పని కాదు. మొక్కలకు నీళ్లు పోయడం, ఇంటికి వచ్చిన సామాను అరల్లో పెట్టడం లాంటివి చిన్నవే అయినా అతను చేయకపోతే ఆ లోటు ఎవరికో ఒకరికి తెలియాలి. డే సెంటర్ చూడ్డానికి వెళ్లినప్పుడు బొమ్మలు, బోర్డులు కాదు, ఒకటి చూడండి: అక్కడున్న వాళ్లు దేన్నైనా వద్దంటే సిబ్బంది ఏం చేస్తున్నారు?

ఆటిజం ఉందని తనకే చెప్పాలా?

చెప్పాలి. తనలో ఏదో తేడా ఉందని తనకు ఎప్పుడో తెలుసు, దానికి పేరే తెలియదు.

వయసొచ్చింది. శరీరం గురించి, స్నేహాలు, ప్రేమల గురించి ఎలా మాట్లాడాలి?

సూటిగా, అసలు పేర్లతో. సంకేతాలతో, సిగ్గుతో చెబితే వీళ్లకు అర్థం కాదు. అర్థం కాకపోతే నష్టపోయేది వాళ్లే. ఒంటరిగా గదిలో చేసేవి ఏవి, నలుగురిలో చేయకూడనివి ఏవి అనేది ఫోటోలతో, స్థలాల పేర్లతో చెప్పండి. ఆ గది అతనికి నిజంగా ఉండాలి. తలుపు తట్టకుండా లోపలికి వెళ్లే ఇంట్లో 'ప్రైవేటు' అనే పాఠం ఎక్కదు.

చిన్నప్పటి నుంచి థెరపీల్లో పెద్దవాళ్లు చెప్పిందల్లా చేయడం అలవాటైన పిల్లలు ఎవరు చెప్పినా చేస్తారు. అక్కడే ప్రమాదం. అందుకే వద్దనడం నేర్పాలి, వద్దన్నప్పుడు ఇంట్లో దానికి విలువివ్వాలి. కౌగిలి వద్దంటే వద్దంతే, తాతగారైనా సరే. ఆన్‌లైన్లో ఫ్రెండ్ అని చెప్పి డబ్బు, ఫోటోలు అడిగేవాళ్ల గురించి సాధారణ హెచ్చరిక సరిపోదు. "ఎవరైనా డబ్బు అడిగితే జవాబు ఇవ్వకముందే నాకు చూపించు" అనే నియమం పెట్టండి. ప్రేమ, తోడు కావాలని చాలామందికి ఉంటుంది. కొందరికి ఉండదు. మీరు ఊహించి తేల్చేయకండి, అడగండి.

18 నిండాయి. ఇక నిర్ణయాలు ఎవరివి?

తనవి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం, 12వ అధికరణంలో, అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం వీళ్లకూ ఉందనీ, దాన్ని వాడుకోవడానికి కావలసిన సాయం అందించాలనీ చెబుతుంది. గార్డియన్‌షిప్, అంటే తన బదులు వేరొకరు నిర్ణయాలు తీసుకునే అధికారం, దాని చట్టాలు దేశానికో రకంగా ఉన్నాయి కాబట్టి 18 నిండకముందే లాయర్ను కలవాలి. బ్యాంకు ఖాతా, ఆసుపత్రి సంతకాలు ఒక్క పుట్టినరోజుతో మారిపోతాయి. మొత్తం అధికారం తీసేసుకునే కాగితానికి ముందు, ఒక్కో విషయంలో సాయం చేసే ఏర్పాటు ఏదైనా ఉందా అని అడగండి.

ఇంట్లో మాత్రం చట్టం కోసం ఆగక్కర్లేదు. రెండు చొక్కాలు చూపించి ఏది కావాలో అడగడంతో మొదలుపెట్టి, జుట్టు ఎలా కత్తిరించుకోవాలి, డబ్బు దేని మీద ఖర్చు పెట్టాలి అనేదాకా వెళ్లండి. కొన్నిసార్లు తప్పు ఎంచుకుంటారు. డబ్బంతా ఒకే రకం పెన్నుల మీద తగలేస్తారు. మీకూ నాకూ ఆ హక్కు ఉంది కదా, వాళ్లకూ ఉండనివ్వండి.

పిల్లల డాక్టర్ ఇక చూడనంటున్నారు. కొత్త డాక్టర్‌కు ఏం చెప్పాలి?

ఒక పేజీ చాలు. పదిహేనేళ్ల ఫైలు ఎవరూ చదవరు. నొప్పి వస్తే ఎలా కనపడుతుంది, ఎలా మాట్లాడితే అర్థమవుతుంది, సూది అంటే ఏం చేస్తాడు, ఏ శబ్దం, ఏ వెలుతురు పడవు, మందులు, అలర్జీలు. రోజులో మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, వెయిటింగ్ హాలు తప్పుతుంది.

మందుల గురించి ఈ మలుపులోనే మళ్లీ అడగాలి. ఆటిజాన్ని తగ్గించే మందు ఏదీ లేదు. అమెరికాలో రిస్పెరిడోన్‌కు 2006లో, అరిపిప్రజోల్‌కు 2009లో అనుమతి ఇచ్చింది ఆటిజం పిల్లల్లో తీవ్రమైన చిరాకు, దూకుడు కోసం. తొమ్మిదో ఏట మొదలైన మాత్ర ఇరవయ్యో ఏట కూడా అలాగే నడుస్తుంటే, ఎందుకు నడుస్తోందని అడగడం మీ హక్కు. బరువు, షుగర్ పరీక్షలు ఎప్పుడు చేశారో కూడా చూడండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయొద్దు.

మా తర్వాత వాడి గతి ఏంటి?

రాత్రి రెండింటికి నిద్ర లేపే ప్రశ్న ఇది. దీనికి ఒక్క జవాబు లేదు, కానీ పగటిపూట చేయగలిగిన పనులు ఉన్నాయి.

1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసిన మొట్టమొదటి వ్యాసంలో మొదటి కేసు డొనాల్డ్ ట్రిప్లెట్. అమెరికాలో మిసిసిపి రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊరివాడు. ఒక దశలో అతన్ని పిల్లలను ఉంచే ఒక సంస్థలో వదిలేశారు, తర్వాత తల్లిదండ్రులే వెనక్కి తెచ్చుకున్నారు. డిగ్రీ చదివాడు, ఇంటివాళ్ల వాటా ఉన్న బ్యాంకులో పనిచేశాడు, 27వ ఏట కారు నడపడం నేర్చుకున్నాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. తల్లిదండ్రులు పోయాక కూడా అదే ఇంట్లో ఉండి 2023లో 89 ఏళ్లకు కన్నుమూశాడు. ఆ ఇంటికి డబ్బుంది, అది నిజం. కానీ ఆ ఊరు అతన్ని వింతగా చూడ్డం మానేసి మనవాడే అనుకుంది. అదొక్కటే డబ్బుతో కొనలేరు.

మీ అబ్బాయిని పేరు పెట్టి పలకరించే బయటివాళ్లు ఎంతమంది? ఈ లెక్క పెరగాలి. వారం వారం అదే షాపు, అదే పార్కు, అదే స్విమ్మింగ్ పూల్. మొహం తెలిసిన మనుషులే తర్వాత ఏదైనా జరిగితే గమనిస్తారు.

ఇంకొకటి, మీరు లేకుండా రాత్రి గడపడం ఇప్పుడే మొదలుపెట్టండి. ముందు చుట్టాలింట్లో ఒక రాత్రి, తర్వాత శని ఆదివారాలు. కొత్త చోట ఉండడం, కొత్త మనిషి చేతి సాయం తీసుకోవడం తల్లి పోయిన వారంలోనే మొదటిసారి నేర్చుకోవాల్సి రావడం కంటే ఘోరం ఇంకోటి లేదు. ఇలాంటివాళ్లు కొందరు కలిసి సిబ్బంది సాయంతో ఉండే గ్రూప్ హోమ్ ఏదైనా మనసులో ఉంటే, ఇప్పటి నుంచే నెలకోసారి అక్కడికి వెళ్లి రండి.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకోండి. అతను 'టూటూ' అంటే నీళ్లని, ఎడమ చెవి పట్టుకుంటే తలనొప్పి అని, బట్టల ట్యాగులు కత్తిరించాలని మీకు మాత్రమే తెలుసు. మీ తలలో ఉన్నదంతా కాగితం మీదికి రావాలి. డబ్బు విషయంలో, మీ దేశపు చట్టం తెలిసిన లాయర్‌తో ట్రస్టు (పిల్లాడి కోసం ఆస్తిని వేరేవాళ్లు చూసుకునే ఏర్పాటు) గురించి మాట్లాడండి. కొన్ని దేశాల్లో పిల్లాడి పేరు మీద నేరుగా ఆస్తి రాస్తే ప్రభుత్వ సాయం ఆగిపోతుంది.

చెల్లెలు ఉంది, తనే చూసుకుంటుందిలే అనుకుంటున్నాం. తప్పా?

ఆ అమ్మాయిని అడిగారా? చాలా ఇళ్లలో అడగరు, అనుకుంటారు. తను పదేళ్లప్పటి నుంచే ఈ మాట వింటూ పెరిగి ఉంటుంది, బయటపడి అడగలేక లోపల టెన్షన్ పడుతూ ఉంటుంది. పద్దెనిమిదేళ్లు దాటాక కూర్చోబెట్టి, డబ్బు ఎంత ఉంది, ఎక్కడ ఉంది, అన్న ఎక్కడ ఉంటాడని మీరు అనుకుంటున్నారు, తన నుంచి ఏం ఆశిస్తున్నారు, ఏం ఆశించడం లేదు అన్నీ చెప్పండి. నెలకోసారి వచ్చి చూడడం, కాగితాల మీద సంతకం పెట్టడం, పండక్కి తీసుకెళ్లడం, ఇవి ఒక రకం బాధ్యత. రోజూ స్నానం చేయించడం పూర్తిగా వేరే. మొదటిదానికి చాలామంది తోబుట్టువులు ఇష్టంగా ఒప్పుకుంటారు. రెండోదానికి తను కాదంటే, దానికి మనుషులను వెతుక్కునే సమయం మీ చేతిలో ఇప్పుడుంది.